ఎవరి నంబరూ తగ్గదు

మొన్న మంగళవారం కాశీబుగ్గ బస్టాండులో టెక్కలి బస్సు కోసం నిలబడ్డాను. తొమ్మిది నలభైకి రావాల్సింది తొమ్మిది నలభై ఆరుకి వచ్చింది. ఎక్కబోతుంటే, పక్కన చేపల గంప దించుకుని కూర్చున్న ఒకామె ఫోనులోంచి ఆ గొంతు వినిపించింది.

"ఓలమ్మ, అందరూ ఒచ్చీసినారా? తిట్టీవోలు ముందుకి రండి. పొగిడీవోలు ఎనక్కి పోండి. పొగడ్త సల్లారినా పాడవదు."

మెట్టు మీద పెట్టిన కాలు తీసేశాను. బస్సు వెళ్ళిపోయింది.

"ఏటి మామ్మా, బస్సు ఒగ్గీసినావు?" అంది చేపలామె.

"ఆ మాటలు ఎప్పటివి?"

"పాతయి. అప్ప మాటలు. బేరం లేనప్పుడు ఇంటాను. నీకు తెలుసేటి అప్ప?"

తెలుసన్నాను. ఆ గొంతు గల మనిషి పోయి ఆ రోజుకి పది నెలల పన్నెండు రోజులు. ఎలా పోయిందో ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు గనక అది రాయను. ఎలా ఉండేదో మాత్రం రాస్తాను. నేను చూసినంతవరకే.

మా వైపు అక్కని అప్ప అంటాం. పలాసలో తండ్రి వదిలిపోయిన జీడిపిక్కల మిల్లు పై అంతస్తులో ఆమె కంపెనీ ఉండేది. ఫోనులో ఆడే కబడ్డీ ఆట తయారుచేసేవాళ్ళు. ఆమెతో కలిపి తొమ్మిది మంది. కింద పిక్కలు కాల్చే పొగ పైకి వచ్చి కంప్యూటర్ల మీద నల్లటి జిడ్డులా పేరుకునేది. రోజుకి రెండుసార్లు తుడిచేవారు. ఆమె యజమాని అయినా తన బల్ల తనే తుడుచుకునేది.

నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు లెక్కల టీచర్ని. సెలవుల్లో కబడ్డీ పోటీలకి స్కోరు రాసేదాన్ని. తొమ్మిదో తరగతిలో ఆమె నా దగ్గర లెక్కల్లో నలభై దాటలేదు గానీ, బరిలోకి కూత పెట్టి వెళ్తే మాత్రం ముప్ఫై సెకన్లు ఊపిరి తెగేది కాదు. పేరు రాయడం లేదు. ఆట తెర మీద కూడా ఎక్కడా తన పేరు వేసుకోలేదు.

ఆఫీసు గదికి గడప లేదు. గడప ఉండాల్సిన చోట సుద్దముక్కతో గీత గీసి ఉండేది. లోపలికి వచ్చేటప్పుడు ఆమె కుడికాలి బొటనవేలితో ఆ గీత తాకి, వేలికి అంటిన సుద్ద నేలకి రాసి, అప్పుడు అడుగు వేసేది. ఆటగాళ్ళు బరిలో దిగినట్టు. బ్యాంకు నుంచి వచ్చిన పెద్దమనిషి ముందు కూడా అలాగే చేసింది. ఆయన తడబడి తనూ గీత దాటకుండా ఆగిపోయాడు. "రండి బాబూ, కూత పెట్టక్కర్నేదు," అంది. ఆమె వెటకారం అంతవరకే. నవ్వు మాత్రం మెట్ల దాకా వినపడేది.

కుర్చీలో కూర్చుని అభిమానులతో మాట్లాడేది కాదు. "కూకుంటే గొంతు కడుపులో కూకుంటాది టీచరమ్మా" అనేది. చున్నీ నడుముకి బిగించి డాబా మీద అటూ ఇటూ నడుస్తూ, ఫోనులో వచ్చిన ప్రతి మాటకీ వరసలో జవాబు చెప్పేది. వరస తప్పించేది తిట్టిన వాళ్ళ కోసమే. వాళ్ళకి ముందు. మనుషులని పేరుతో పిలిచేది కాదు. ఊరు, ఆటలో వాళ్ళ ఊపిరి నంబరు కలిపి పిలిచేది. "డొంకూరు ఎనభై మూడూ, మీ అమ్మకి మోకాలెలగుంది?" అలా.

నౌపడ ఉప్పుమళ్ళలో పని చేసే ఒకాయన ఉండేవాడు. ఆయన పని తప్పు పట్టడమే. ఒకసారి పంపిన మాట ఇది: "అప్పా, అక్కుపల్లి ఇసకలో కాలు పడితే ఆ సప్పుడు రాదు. నువ్వు ఏసింది పొడి ఇసక. పోటు తీసినాక ఇసక ఏరేగా ఉంటాది. సముద్రం సూసినావా అసలు?" ఆమె ఆ మధ్యాహ్నమే స్కూటీ మీద నన్ను ఎక్కించుకుని అక్కుపల్లి వెళ్ళింది. నీరు వెనక్కి తగ్గేదాకా గంటా పది నిమిషాలు ఒడ్డున కూర్చున్నాం. తర్వాత నా చేతికి ఫోనిచ్చి, తను చెప్పులు విప్పి తడి ఇసక మీద పరుగెత్తింది. పదకొండుసార్లు. నేను ఆ చప్పుడు పట్టాను. అదే ఇప్పటికీ ఆటలో ఉన్న చప్పుడు. ఆ ఉప్పుమళ్ళ ఆయన విని, "ఇది బాగుంది గానీ, నీ కాలు తేలిగ్గా పడతంది. ఆటగాడు నీకంటే పదిహేను కేజీలు ఎక్కువుంటాడు," అన్నాడు. ఆమె పడి పడి నవ్వింది. బియ్యం బస్తా వీపున కట్టించుకుని మళ్ళీ వెళ్ళింది.

ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి ఫోను ముందు నిలబడి గంటసేపు అందరితో మాట్లాడేది. చివర ఒక కూత పెట్టేది. మామూలు కూతే, "కబడ్డీ కబడ్డీ" అంటూ ఒక్క ఊపిరిలో, తెగేదాకా. చూసేవాళ్ళు లెక్కపెట్టేవాళ్ళు. తెగిన చోట "అవుట్!" అని వేల మంది రాసేవాళ్ళు.

ఇక ఊపిరి నంబరు సంగతి. దానికి కారణం నేను.

ఈ ఫోను ఆటలో కనిపించే ఆటగాళ్ళు కల్పించిన మనుషులు కాదు. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం ఊళ్ళలో, తోటల ఊళ్ళలో నిజంగా కబడ్డీ ఆడే మనుషులే. వాళ్ళ ఒప్పుకోలుతో పేరూ బొమ్మా పెట్టారు. ఒక్కొక్కరి బలానికి, వేగానికి, ఊపిరికి వందలో ఎంతో ఒక నంబరు. బలమూ వేగమూ మిగతావాళ్ళు చూసి వేసేవారు. ఊపిరి మాత్రం నా గడియారం నుంచి వెళ్ళేది. పోటీలు జరిగే ప్రతిచోటా నేను ప్రతి కూతనీ సెకన్లలో రాసుకునేదాన్ని. అది నా పాత అలవాటు. ఇరవై రెండు నోటుపుస్తకాలున్నాయి. వాటిని చూసి ఆమె, "ఇదే మనకి కావాలి టీచరమ్మా," అంది. ముప్ఫై సెకన్లకి వంద. మూడు సెకన్లు తగ్గితే పది తగ్గుతుంది. ఇరవై ఏడుకి తొంభై, ఇరవై నాలుగుకి ఎనభై. కొత్త నంబర్లు ప్రతి నెలా ఒకటో తేదీ మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్లలోకి వచ్చేవి.

మొదటి సంవత్సరం అందరికీ సరదాగానే ఉంది. "మేడమ్మా, నీ గడియారం ముసిల్దయిపోనాది, బేటరీ మార్చు," అని నన్ను ఆటపట్టించేవాళ్ళు.

ఆ సంవత్సరంలోనే ముగ్గురి ఊపిరి నంబరు డెబ్బై కిందకి దిగింది. ఒకడు కొబ్బరి తోటల రైతు, ఒకడు ఆటో నడిపేవాడు, ఒకడు జీడితోటలు కాపలా కాసేవాడు. దిగిన మూడు నెలల్లో ఒకరి తర్వాత ఒకరు టెక్కలి ఆస్పత్రికి వెళ్ళి పరీక్షకి రక్తం ఇచ్చి వచ్చారు. ముగ్గురికీ కిడ్నీలే. కిడ్నీల జబ్బు ఇంటింటా ఉన్న మా ఉద్దానంలో బడి ముఖం చూడని వాళ్ళకి కూడా, ఆ రక్తపరీక్షలో చూసే క్రియాటినిన్ అనే మాటకి నోరు తిరుగుతుంది. కిడ్నీలు పాడై రక్తం పలచబడితే ఊపిరి నిలవదని డాక్టరు నాకు చెప్పాడు. నా గడియారం రోగాన్ని పట్టిందన్నమాట, అంతే. కానీ జనం అలా అనుకోలేదు. అప్ప ఎవరి నంబరు దించితే వాడు పోతాడు, అనుకున్నారు.

ఒకటో తేదీకి నంబర్ల రోజు అని పేరు పడింది. ఆ పూట అక్కుపల్లిలో పడవలు దిగడం మానేశాయి. పన్నెండు దాటి, ఫోను చూసుకుని, ఎవరి నంబరూ దిగలేదని తేలాకే నీళ్ళలోకి తోసేవారు. నేను ఒకసారి ఒడ్డున ఉండి చూశాను. పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా అంతమంది మగవాళ్ళు పడవల నీడన ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. వలలు బాగుచేసే చేతులు కూడా ఆగిపోయాయి. పన్నెండయ్యాక ఎవరో ఒకడు దగ్గాడు. అందరూ వాడి వైపు చూశారు.

ఆఫీసుకి కానుకలు రావడం మొదలైంది. సుద్దగీత అవతల జీడిపప్పు సంచులు, ఎండుచేపలు, కొబ్బరికాయలు. ఎవరు పెట్టారో తెలిసేది కాదు. ఆమె అవేవీ ఇంటికి తీసుకెళ్ళలేదు, పారేయనూ లేదు. గోడ వారగా పెట్టించేది. ఎండుచేపల వాసనలో పని చేశాం.

ఆ రోజుల్లో ఒక గురువారం నూకాలు వచ్చింది. అక్కుపల్లి దానయ్య భార్య. దానయ్య అంటే ఈ ఆటలో అందరికంటే ఎక్కువమంది ఎంచుకునే ఆటగాడు. నా లెక్కలో ఇరవై ఏడు సెకన్లు, తొంభై. నూకాలు గీత దాటలేదు. అవతలే నిలబడింది.

"ఒక్కటి ఎక్కువెయ్యప్పా. ఎక్కువెయ్యకపోయినా పర్లేదు. దించకు."

"నంబరు దించితే రోగం రాదు నూకాలూ. రోగం ఉంటే నంబరు దిగుతాది."

"ఏది ముందో నాకెలగ తెలుస్తాదప్పా? నాకు తెలిసింది ఒకటే. నువ్వు దించినావు, ఆల్లు ఆస్పత్రికెల్లినారు. దించనోలు ఎల్లనేదు."

"ఆయనకి ఏటైనా ఉందా? ఒంట్లో నలతగా ఉందేటి?"

"ఏటీ నేదు. రెండు పూటలా తింటన్నాడు. నీ కాల్లు పట్టుకుంటాను, దించకప్పా. ఆ ఫోను సూసుకుని సముద్రంలోకెల్తన్నాడు."

నూకాలు వెళ్ళాక అప్ప చాలాసేపు జీడిపప్పు మీద పొర గోటితో తీస్తూ నిలబడింది. ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. ఇరవై దాకా ఒలిచి బల్ల మీద వరసగా పెట్టింది.

ఆ ఆదివారం ఐదింటికి ఫోను ముందు నిలబడి చెప్పింది. "ఇయ్యాల్టి కాడి నుంచి ఎవరి నంబరూ తగ్గదు. పెరిగితే పెరుగుతాది. తగ్గడం ఉండదు. ఇది అప్ప మాట."

బయట వీధిలో టపాసులు కాల్చారు. ఉప్పుమళ్ళ ఆయన ఒక్కడే ఇలా రాశాడు: "తగ్గని ఆట ఏటి ఆట?" ఆయన్ని మిగతావాళ్ళు అరగంట తిట్టారు. ఆమె అడ్డుపడలేదు.

మర్నాడు నేను అడిగాను. "తగ్గినప్పుడు తగ్గిందని చెప్పకపోతే నా గడియారం ఎందుకు నీకు?"

"ఆల మొకాలు మీరు సూళ్ళేదు టీచరమ్మా. నేను ఆదివారం ఆదివారం సూత్తన్నాను."

"నేను సెకన్లు చూస్తున్నాను."

"సెకన్లకి పెల్లాం ఉండదు, పిల్లలుండరు," అంది. మెత్తగానే అంది. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పంతానికి సెకన్లు రాయడం మాత్రం మానలేదు.

కార్తీకంలో అక్కుపల్లి ఇసకలో పోటీలు పెట్టారు. దానయ్య మొదటి కూత ఇరవై ఒకటి. రెండోది పద్ధెనిమిది. లెక్క ప్రకారం అరవై. ఆట అయ్యాక ఇసకలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే వెళ్ళి చూశాను. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. తొమ్మిది లెక్కపెట్టేదాకా నిండలేదు.

"దానయ్యా, రేపు టెక్కలి వెళ్ళి రక్తం చూపించుకో."

"ఏల మేడమ్మా?"

"నీ కూత తగ్గింది."

అతను నడుము దగ్గర సంచీలోంచి ఫోను తీసి, చేప పొలుసు అంటిన బొటనవేలితో తెర తుడిచి నాకు చూపించాడు. "తొంభై ఉంది కదా? అప్ప దించనేదు కదా? మీరు ఊరికే బయపెడతారు. అందుకే మా పిల్లగుంటలు మీకు ఎక్కాల మేడమ్మని పేరు పెట్టినారు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పోటీ చూడ్డానికి వచ్చిన నూకాలు కూడా నవ్వింది. ఆమె ముఖంలో అంత ధైర్యం నేను ముందు చూడలేదు.

అప్పకి చెప్పాను. "పద్ధెనిమిది. కాళ్ళు వాచాయి." ఆమె నా వైపు చూడకుండా, "పోటీ రెండు రోజులాడినాడు కదా, అలిసిపోనాడు. వచ్చే నెల సూద్దాం," అంది. వచ్చే నెలకి దానయ్య వల లాగుతూ పడవలోనే కూలబడ్డాడు. టెక్కలిలో వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేసే మంచం మీదకి చేరాడు. ఆరు నెలలు ముందు వచ్చి ఉంటే మందులతో నడిచేది, అన్నారు అక్కడ.

నూకాలు తిట్టలేదు. ఆఫీసుకి రాలేదు. ఫోనులో ఒక్క మాట పంపింది. "నువ్వు దించనేదు కదప్పా."

అంతే. అప్ప ఆ మాటని డాబా మీద నిలబడి ఏడుసార్లు విన్నది. మధ్యలో ఎవరో భోజనానికి పిలిచారు. చేత్తో వద్దంది.

ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. ఆ వానాకాలం నుంచే ఆమె ఆదివారం కూత చివర్లో ఒక కొత్త చమత్కారం చేసేది. కూత పెడుతూ ఫోను దగ్గర్నుంచి వెనక్కి వెనక్కి నడిచి డాబా చివరికి వెళ్ళిపోయేది. గొంతు చిన్నదై చిన్నదై వినపడకుండా పోయేది. ఎక్కడ తెగిందో చూసేవాళ్ళకి తెలిసేది కాదు. "అప్ప సముద్రం దాకా ఎల్లిపోనాది," అని నవ్వుకునేవాళ్ళు. నేను ఆ డాబా చివరే నీళ్ళ ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఎక్కడ తెగిందో నాకు తెలుసు. గోడ పట్టుకుని నిలబడేది. నేను చూస్తే నవ్వేది. నేను సెకన్లు రాసుకున్నాను. ఆ పేజీకి పైన పేరు రాయలేదు.

నూకాలు మాట వచ్చిన ఆదివారం అప్ప ఐదింటికి ఫోను ముందు నిలబడి, దగ్గి, కాగితం తీసింది. నేను రాసిచ్చిన అసలు నంబర్లు.

"నేను అబద్ధమాడినాను. తగ్గినయి తగ్గినట్టు ఇప్పుడు సదువుతాను. డెబ్బై కింద ఉన్నోలు రేపు టెక్కలి ఎల్లాలి. బతిమాలితే ఇనను."

యాభై రెండు పేర్లు. ఊరూ పేరూ పాత నంబరూ కొత్త నంబరూ. ఇరవై మూడు నిమిషాలు పట్టింది. తెర మీద మాటలు వరదలా వచ్చాయి. దొంగముండ అన్నారు. ఉద్దానం ఉసురు తగులుతుందన్నారు. మా నాన్న పేరు చదవకప్పా, అని ఒకరు పదే పదే రాశారు. ఆమె ఆ పేరూ చదివింది. అలవాటు ప్రకారం తిట్లకి ముందు జవాబు చెప్పింది. ప్రతిదానికీ ఒకటే జవాబు: "నిజమే. రేపు టెక్కలి."

అప్పుడు ఉప్పుమళ్ళ ఆయన రాశాడు. "అందరివీ సదివినావు. మరి నీదేటప్పా?"

ఆమె నవ్వింది. "తియ్యండి టీచరమ్మా గడియారం," అంది. వెనక్కి నడవలేదు. ఫోనుకి ఎదురుగా, కదలకుండా నిలబడి కూత పెట్టింది. నేను మీట నొక్కాను. మెడ నరాలు లేచాయి. తెగింది. మీట నొక్కాను.

"ఎంత?"

అంతమంది చూస్తున్నారు. "పద్నాలుగు," అన్నాను.

"అంటే?"

"నలభై ఆరు పాయింట్ ఆరు."

"నలభై ఏడు ఏసుకోండి," అంది ఫోనుతో, నవ్వుతూనే. తెర మీద మాటలు ఆగిపోయాయి. ఆమె ఫోను ఆపేసి, బోర్లా పెట్టి, నా వైపు తిరిగింది.

"పోయిన ఆదివారం ఎంత?"

"పదహారు."

"ఆ ముందు?"

"పంతొమ్మిది. ఆ ముందు ఇరవై ఒకటి. వానలు మొదలైనప్పుడు ఇరవై ఐదు."

"మరి నాకేల సెప్పనేదు టీచరమ్మా?"

నేను ఎవరి కాగితం మీదా అర మార్కు అటూ ఇటూ వెయ్యని మనిషిని. "నీ ముఖం చూశాను," అన్నాను. ఆమె తల ఊపింది. అది క్షమించడమో కాదో నాకు తెలియలేదు.

మర్నాడు ఉదయం ఏడింటి బస్సుకి టెక్కలి బయల్దేరాం. దారంతా ఆమె చిన్న గొంతుతో ఒక్కొక్కరికీ మాట పంపింది. "డొంకూరు అరవై ఆరూ, బయల్దేరినావా? మందస అరవై మూడూ, మీ బావని లాక్కురా." మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకునేది. నేను ఆ రోజు లెక్కపెట్టలేదు.

ఎనిమిది పదికి ఆస్పత్రి గేటు దగ్గర దిగాం. వరస రోడ్డు మీద దాకా ఉంది. నలభై ఒక్క మంది. నిన్న తిట్టినవాళ్ళే చాలామంది. ఎవరూ పలకరించలేదు. లోపల దానయ్య ఉన్న వార్డు మెట్ల మీద నూకాలు కూర్చుని ఉంది. ఆమె కూడా లేవలేదు. ముందున్న ఒక పెద్దావిడ జరిగి, "ముందుకెల్లప్పా," అంది. "నేదమ్మా, వరసే," అని ఆమె వెళ్ళి చివర నిలబడింది. నలభై రెండు. వెనక నేను, నలభై మూడు.

కాగితాలు సాయంత్రం నాలుగింటికి ఇచ్చారు. ఎవరూ ఇళ్ళకి వెళ్ళలేదు. పిలిచిన ప్రతివాడూ కాగితం తీసుకుని పక్కకి వెళ్ళి, మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. చదివినవాడు లేడు. ఒకరి ముఖం ఒకరు చూడడం లేదు. ఆమె వంతు వచ్చింది. తీసుకుంది. మడత విప్పకుండా తెచ్చి, అందరి మధ్యా నా చేతిలో పెట్టింది.

"సదవండి టీచరమ్మా. ఎనకనున్నోలకి కూడా ఇనపడాల."

కళ్ళద్దాలు తుడుచుకుని, పేరూ వయసూ ముందు చదివాను. తర్వాత క్రియాటినిన్ అంకె చదివాను, చుక్క తర్వాత ఉన్నది కూడా వదలకుండా. నూకాలు మెట్ల మీంచి లేచి నిలబడింది. జేబుల్లోంచి కాగితాలు తీసుకుని జనం ఒక్కొక్కరే నా ముందు వరస కట్టారు.